ప్రభువు కవచమునకు ముందు బంటు కవచము

జపాను దేశపు సమురాయి యోధుల కవచమును, శిరస్త్రాణమును, ఖడ్గమును ఇంటనే స్వహస్తములతో నిర్మించుకొని ధరింపవలెనను ఉత్సాహము నేడు ఆ దేశపు పొలిమేరలు దాటి లోకమెల్ల వ్యాపించి, హైదరాబాదున జరుగు కామిక్ కాన్ వంటి ఉత్సవములలో మన యువతీయువకులయందును కానవచ్చుచున్నది. 1954లో అకిరా కురొసావా తీసిన ‘సెవెన్ సమురాయ్’ చిత్రము మొదలుకొని, 1600వ సంవత్సరపు జపానును చిత్రించిన ‘షోగన్’ ధారావాహిక వరకును, ఈ ఉత్సాహమునకు దోహదము చేసిన కృతులు పెక్కులు గలవు. కాస్‌ప్లే అని పిలువబడు ఈ వేషధారణమును పనిలేని పిల్లల ఆటయని త్రోసిపుచ్చు పెద్దలతో నేను ఏకీభవింపజాలను. అట్టను కొలిచి, కోసి, వంచి, త్రాటితో కూర్చి, మానవదేహమునకు ఒదుగునట్లు చేయుటలో కన్నును చేయియు కలిసి నేర్చుకొను విద్య చిన్నది కాదు. నా విన్నపమెల్ల ఒక్కటియే: తొలిసారి ఈ పనికి పూనుకొనువారు మహాప్రభువుల కవచమును విడిచి, ఆ ప్రభువుల జెండా వెంట కాలినడకను యుద్ధమునకు పోయిన సామాన్యపు బంటు కవచమును ఎన్నుకొనవలెను.

ఇప్పుడు సాధారణముగా జరుగుచున్నది వేరు. సెందాయి నగరపు ప్రదర్శనశాలలో నేటికిని భద్రముగా నున్న దాతె మసమునె ప్రభువు నల్లని కవచమును, కొమ్ములు రెండును సమానముగా నుండని చంద్రవంక గల ఆ శిరస్త్రాణమును ఛాయాచిత్రములలో చూచిన ఏ బాలునికైనను అదియే కావలెననిపించుట సహజము. కాని అట్టి ప్రభుకవచమున వక్షస్థలమునకు, భుజములకు, బాహువులకు, తొడలకు, పిక్కలకు, ముఖమునకు వేర్వేరు భాగములుండును. వానిని కూర్చుటకు వందలకొలది రంధ్రములు పొడిచి, అన్నిటిలోనుండి త్రాటిని సమముగా లాగవలసియుండును. ఆరంభించినవాడు చంద్రవంకతో ఆరంభించును. ఉత్సవము దగ్గరపడునప్పటికి చంద్రవంక తక్క తక్కినదెల్ల మిగిలియుండును. చివరకు విసిగి, అంగడిలో దొరకు ప్లాస్టిక్కు వేషము నొకదానిని తెప్పించుకొనును. దానిని ధరించి ఛాయాచిత్రము తీయించుకొనవచ్చును గాని, ఆ త్రాళ్లు అచ్చట ఏల యున్నవో, ఆ రేకులు ఒకదానిమీద నొకటి ఏల కదలుచున్నవో అతనికి తెలియదు. ఇంత ఉత్సాహమును ఇంత కొద్ది ఫలమునకు వ్యయము చేయుట చూచినప్పుడెల్ల నాకు విచారము కలుగును.

ఆషిగారు అని జపానీయులు పిలుచు ఈ కాలిబంట్లు చరిత్రలో అల్పులు కారు. 1467 మొదలు 1477 వరకు క్యోటో నగరమును భస్మము చేసిన ఓనిన్ యుద్ధమున వీరు గుంపులు గుంపులుగా ప్రవేశించిరి. అంతట మొదలైన శతాబ్దకాలపు సంకులసమరములలో, పొలము దున్నుచున్న రైతులే కొంతకాలము బల్లెము పట్టి, క్రమముగా శిక్షితులైన సైనికులైరి. 1543లో పోర్చుగీసువారితో తనెగషిమా ద్వీపమునకు వచ్చిన తుపాకి, గుఱ్ఱమెక్కిన వీరుని చేతినుండి కాక ఈ బంట్ల చేతినుండియే యుద్ధవిద్యను మార్చివేసెను. 1575లో నగషినో రణభూమిలో ఓడా నొబునాగా పక్షమున తుపాకులు పేల్చినవారు వీరే. బంట్ల శ్రేణినుండి పైకివచ్చి జపాను నంతటిని ఏలిన తొయొతొమి హిదెయోషియే 1588లో రైతుల కత్తులను లాగికొని, ఇకమీదట ఎవడును తనవలె ఎదుగకుండ త్రోవ మూసివేయుట ఆ చరిత్రలోని మిక్కిలి బాధాకరమైన ఘట్టము. సమురాయి కవచమును ధరించు యువకుడు ఈ కథను గూడ ఎరిగి ధరించిన బాగుండును.

ఈ బంట్ల బ్రదుకును తెలిసికొనుటకు 17వ శతాబ్దమున వెలసిన ‘జోహ్యో మొనొగతారి’ అను చక్కని గ్రంథమొకటి గలదు. మత్సుదైరా నొబువోకి రచించెనని చెప్పబడు ఆ గ్రంథమున ముప్పదిమంది సామాన్యులు, తుపాకి బంటులు, విలుకాండ్రు, బల్లెము బంటులు, చెప్పులు మోయు సేవకులు, తమ తమ అనుభవములను తమ మాటలలోనే చెప్పుకొందురు. చేమకాడలను ఎండబెట్టి, త్రాడుగా పేని, సోయా గింజల మిసోలో ఉడికించి మూట కట్టుటకు వాడుకొని, ఆకలివేళ ఆ త్రాటినే ముక్కలుగా కోసి నీట మరిగించి పులుసు చేసికొనుట అందు వర్ణింపబడినది. అన్నపు సంచిని మెడచుట్టు ముడులు వేసి మోయుట, నీళ్లు దొరకని చోట దప్పిక నణచుకొనుట వంటి సంగతులు గల ఆ గ్రంథమును చదివినవానికి, బంటు వేషమునకు చంద్రవంక లేని లోటు తోచదు. చేమకాడల త్రాటిని జనుపనారతో అనుకరించి భుజమున వేసికొన్న ఒక్క చిన్న వస్తువు, ప్రభువు శిరస్త్రాణము కంటె ఎక్కువ కథ చెప్పగలదు.

ఇక నిర్మాణము సంగతి. బంటు తలపై ధరించునది జింగాసా అను శంక్వాకారపు టోపీ. ఇనుముతోనే గాక తోలుతోను, పొరలు పొరలుగా అతికిన కాగితముతోను దీనిని చేసి పైన లక్క పూసెడివారు. కాబట్టి కాగితముతో దీనిని చేయువాడు నకిలీ పని చేయుచున్నాడనుటకు వీలులేదు. అతడు పనివారి పాత పద్ధతులలో నొకదానిని అనుసరించుచున్నాడు. అడుగున 40 సెంటీమీటర్ల వెడల్పును, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తును గల టోపీ కావలెనన్నచో, దళసరి అట్టపై 22.4 సెంటీమీటర్ల వ్యాసార్ధముతో వృత్తము గీసి, అందుండి 38 డిగ్రీల కోణము గల ముక్కను కోసి తీసివేసి, మిగిలిన అంచులను రెంటిని చేర్చి లోపలినుండి గుడ్డపట్టీతో అతికిన చాలును. పాఠశాలలో శంకువు పాఠమును కంఠస్థము చేసి మరచిపోయిన విద్యార్థికి ఆ పాఠపు ప్రయోజనము ఇచ్చట చేతికి తగులును. అటుపిమ్మట పాత పత్రికల ముక్కలను మైదాజిగురులో తడిపి, ఒక పొర ఆరిన పిదపనే మరియొక పొరగా, లోపలను వెలుపలను అతుకవలెను. తొందరపడి తడిమీద తడి అతికిన అట్ట మెత్తబడి వంకరలు పోవును. లోపల తలకు ఆనునట్లు చిన్న గుడ్డ మెత్తను కుట్టి, గడ్డము క్రింద ముడివేయుటకు నాడాలు అమర్చిన టోపీ పూర్తియగును.

వక్షస్థలపు కవచమును ‘దో’ అందురు. అడ్డముగా నుండు వెడల్పైన పట్టీలను ఒకదానితో నొకటి బిగించి చేసిన ఓకెగావా రకపు దో మన పనికి అన్నిటికంటె అనుకూలము. ఎడమ ప్రక్కను మడతబందులతో తెరచుకొని, కుడి ప్రక్కను త్రాళ్లతో ముడివడు రెండు భాగముల కూర్పు ఇది. అట్టపెట్టెలను కోసి చేయువారు, అట్ట నడుమనుండు గొట్టములవంటి మడతలు నిలువుగా నుండునట్లు కోయవలెను; లేనిచో అది దేహము చుట్టు వంగక విరుగును. ఫోము చాపలతో చేయువారు హీట్ గన్ వేడికి వంచుకొనవచ్చును గాని, అతుకు జిగురు వాడునప్పుడు, ఫోమును వేడి చేయునప్పుడు తలుపులు కిటికీలు తెరచి, వీలైన ఆరుబయట, ముఖమునకు తగిన ముసుగు ధరించియే పని చేయవలెను. పిల్లలు ఈ విషయమున అశ్రద్ధ చేయుచున్నారు. తలిదండ్రులు పనిని మాన్పించుటకు బదులు దీనిని చూచుకొనిన మేలు.

దో క్రింద నడుము చుట్టు వ్రేలాడు పలకల వరుసలను కుసాజురి అందురు. ఇచ్చటనే త్రాటి కూర్పు విద్య నేర్చుకొనవలసియున్నది. ప్రాచీన కవచములలో త్రాళ్లు సందులేకుండ దట్టముగా కూర్చబడెడివి. చూపునకు అది పట్టుచీర అంచువలె మనోహరము. కాని సకకిబారా కోజాన్ అను పండితుడు 1800లో కవచ నిర్మాణమును గూర్చి రచించిన గ్రంథమున ఈ దట్టపు కూర్పును గట్టిగా ఖండించెను: అది వానకు తడిసి బరువెక్కును, త్వరగా ఆరదు, చలికి గడ్డకట్టును, బురదను పట్టును, దీర్ఘకాలపు దండయాత్రలలో పేలకు చీమలకు నిలయమగును. కావుననే జంటజంటలుగా, ఎడమెడముగా త్రాళ్లు వేయు సుగాకె అను కూర్పు వాడుకలోనికి వచ్చెను. నేటి యువకునికి గూడ ఇదియే శరణ్యము. బూటు లేసులతో ఒక సాయంకాలమున ఒక వరుస పూర్తి చేయవచ్చును. కోజాన్ వాక్యములు చదివిన తరువాత ఆ జంటత్రాళ్లు అలంకారముగా గాక, వానలో నడచి నడచి నేర్చుకొన్న వివేకముగా కనబడును. త్రాటిని మరీ బిగించరాదు. పలకలు ఒకదానిలోనికి ఒకటి ముడుచుకొనుటకు చోటుండినగాని కూర్చుండుట సాధ్యము కాదు. చివరకు దో మీద నడుమునకు గట్టిగా ఒక వస్త్రము చుట్టవలెను. కొంత బరువు భుజములను విడిచి నడుము మీద నిలుచుట దానివలన కలుగు ఉపకారము. ఉత్సవపు దినమెల్ల నిలుచుండవలసినవానికి దీని విలువ మధ్యాహ్నమునకు తెలియును.

అట్టతో, ఫోముతో చేసినది కవచమెట్లగునని ఆక్షేపించువారు గలరు. వారికి మన భరతమునియే సమాధానము చెప్పియున్నాడు. నాట్యశాస్త్రమున ఆహార్యమును వివరించు అధ్యాయమున, రంగస్థలముపై వాడు ఆయుధములను, కవచములను ఇనుము వంటి బరువైన వస్తువులతో చేయరాదనియు, లక్క, తేలిక కొయ్య, తోలు, గుడ్డ, వెదురుబద్దల వంటివానితోనే చేయవలెననియు ఆయన విధించెను. బరువువలన నటుడు అలసిపోవుట ఆయనకు ఇష్టము లేదు. చాపను, వస్త్రమును, చర్మమును అతికి వస్తువులను నిర్మించు విద్యకు సంధిమమని పేరు గూడ పెట్టెను. జపానులోనే నేడు పలు పట్టణములలో సామాన్య పౌరులు, ముఖ్యముగా ఉద్యోగవిరమణ చేసినవారు, సంఘములుగా చేరి అట్టతోను త్రాళ్లతోను తమ కవచములను తామే చేసికొని, ఊరి ఉత్సవములలో వానిని ధరించి నడచుచున్నారు. మే 5వ తేదీ బాలుర పండుగకు అచ్చటి పిల్లలు పత్రికా కాగితమును మడచి శిరస్త్రాణములు చేసికొందురు. తాతయు మనుమడును కాగితముతోనే వీరులగుచున్న ఆ దేశమున లేని సంకోచము మనకేల?

రంగుల విషయమున ఒక ముచ్చట చెప్పక తప్పదు. కవచములకు పూయు ఉరుషి అను లక్క ఒక చెట్టు పాలు. అది గాలిలో తేమ యున్నగాని గట్టిపడదు. పచ్చిగా నున్నప్పుడు చర్మమునకు తగిలిన పొక్కులెక్కును. ఆ చెట్టు మన జీడిమామిడితో ఒకే కుటుంబమునకు చెందినది. జీడి అంటి పొక్కులెక్కుట ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. జపానీయులు 20వ శతాబ్దమున జీడిపిక్కల పెంకునుండి తీసిన నూనెతో ఉరుషికి మారుగా ఒక పూతను తయారుచేసిరి. చేతిపనివారు నేటికిని దానిని వాడుచున్నారు. జీడితోటలు గల పలాస ప్రాంతపు విద్యార్థి ఎవడైనను ఈ సంబంధమును పట్టుకొని మరికొంత శోధించిన ఎంత బాగుండును! ఇంటి పనికి మాత్రము, ఫోముపై నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు మూడు పూతలు వేసి ఆరనిచ్చి, పైన నల్లనిది గాని ముదురు ఎరుపుది గాని పలుచని పూతలుగా వేసిన చాలును. ఎరుపు నెన్నుకొనువారు, 1600లో సెకిగహరా యుద్ధమున ‘ఈ’ అను ఇంటిపేరు గల నవొమాస ప్రభువు సైన్యమెల్ల ఎఱ్ఱని కవచములు ధరించి నిలిచిన సంగతిని చదువుకొనవలెను. బంట్లకు కవచములను ప్రభువే తన ఆయుధశాలనుండి అరువిచ్చెడివాడు. ఆ కవచపు రొమ్మున, టోపీ ముందుభాగమున ప్రభువు చిహ్నము ముద్రింపబడెడిది.

ఆయుధముల యెడ కఠినముగా నుండవలెను. జనసమ్మర్దములోనికి ఇనుప కత్తిని కొనిపోవుట ఎంతమాత్రమును తగదు. పదునులేని దైనను అది తగదు. నొబునాగా బంట్ల బల్లెములు ఆరు మీటర్లకు మించియుండెనని ప్రసిద్ధి. మనము మనుష్యుని ఎత్తునకు మించకుండ వెదురుకఱ్ఱకు ఫోముతో చేసిన మొన తొడిగి, త్రోవలో దానిపై గుడ్డ చుట్టి కొనిపోవుటయే మర్యాద. లోపలి వస్త్రమున ఎడమ అంచు పైకి వచ్చునట్లు ధరింపవలెను. కుడి అంచు పైకి వచ్చుట జపానున శవమునకు చేయు అలంకారము. అన్యదేశపు వేషము ధరించునప్పుడు ఈమాత్రపు శ్రద్ధ ఆ దేశమునకు మనము చేయు గౌరవము.

కామిక్ కాన్ వంటి ఉత్సవముల నిర్వాహకులకు నా ప్రార్థన ఇది. బహుమతులు ఇప్పుడు ఎక్కువగా ఒంటరి వీరునికి, కొట్టవచ్చినట్లు కనబడు వేషమునకు పోవుచున్నవి. ఒకే చిహ్నముతో, ఒకే రంగుతో, తమ కవచములను తామే చేసికొని వచ్చిన ఐదారుగురు మిత్రుల బంట్ల దండునకు ప్రత్యేకముగా ఒక బహుమతి ఉండవలెను. అందు ఒకడు అట్ట కోయుటలో, ఒకతె త్రాళ్లు కూర్చుటలో, మరియొకడు రంగులలో నేర్పరి కావచ్చును. కొలతల కాగితములను, పని నడుమ తీసిన ఛాయాచిత్రములను వేషముతోపాటు చూపినవారికి ఎక్కువ మార్కులు వేయవలెను. ప్రవేశద్వారము దగ్గరనే ఒక పొడవాటి బల్ల వేసి, అచ్చటికి వచ్చిన పిల్లలకు ఈ దండులవారే జింగాసా చేయుట నేర్పునట్లు ఏర్పాటు చేయవలెను. ఆ బల్లకు కావలసినవి కొన్ని అట్టలు, మైదాజిగురు గిన్నె, కత్తెరలు, ఒక జ్యామితి పెట్టె మాత్రమే.