కొత్త ఇంటికి వచ్చిన తాబేలు



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి చాలా దూరం నుంచి వచ్చింది. రాసినవాడు మన తెలుగు పిల్లవాడే. పదేళ్ళవాడు. తల్లిదండ్రులతో ఇంగ్లండులో ఉంటున్నాడు. వాళ్ళ పక్కింటి మామ్మగారి దగ్గర ఒక మెట్ట తాబేలు ఎన్నో ఏళ్ళుగా పెరుగుతున్నది. అది హెర్మన్ తాబేలు అనే జాతిది. ఇటలీ, గ్రీసు మొదలైన దేశాలు దాని పుట్టినిల్లు. మామ్మగారికి ఓపిక తగ్గి, వృద్ధుల గృహానికి వెళ్ళిపోతూ, తాబేలును ఈ అబ్బాయికి అప్పగించింది. ఇక అతని మాటలు వినండి:

"మాస్టారూ! తాబేలు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులయింది. ఇంతవరకు ఏమీ తినలేదు. వంటింట్లో ఒక మూల అద్దాల తొట్టిలో ఉంచాను. టమాటో పెట్టాను. అరటిపండు పెట్టాను. రొట్టె పాలలో నానవేసి పెట్టాను. చేతిలోకి తీసుకుని మూతి దగ్గర పెడితే బుస్సుమని తల లోపలికి లాక్కుంటున్నది. నా స్నేహితులందరూ వచ్చి దాన్ని ఎత్తుకుని చూసి వెళ్ళారు. దానికి నేనంటే కోపమా? ఇలాగే ఉంటే చచ్చిపోతుందా?"

ఈ అబ్బాయికి వెంటనే జవాబు రాశాను. ఆ సంగతులు మీకందరికీ పనికి వస్తాయి గనుక ఇక్కడ కూడా చెబుతున్నాను.

మొదట ఆ "బుస్సు" సంగతి చూద్దాం. తాబేలు వీపు మీది చిప్ప అది తొడుక్కున్న చొక్కా కాదు. దాని వెన్నెముక, పక్కటెముకలే వెడల్పయి, ఒకదానితో ఒకటి అతుక్కుని చిప్పగా ఏర్పడినవి. అందుచేత మనలాగ రొమ్ము పైకీ కిందికీ ఆడించి ఊపిరి పీల్చడం దానికి కుదరదు. ఊపిరితిత్తులు చిప్ప పైభాగానికి ఆనుకుని ఉంటాయి. తల, కాళ్ళు ఒక్కసారిగా లోపలికి లాక్కుంటే లోపల చోటు చాలక గాలి బయటికి తన్నుకు వస్తుంది. అదే మనకు బుస్సుమని వినిపిస్తుంది. అది కోపం కాదు, భయపడి తలుపు వేసుకున్న చప్పుడు అన్నమాట. నాలుగు రోజులుగా ఎవరో ఒకరు ఎత్తుకుంటూ ఉంటే పాపం అది మాత్రం తలుపు ఎప్పుడు తీస్తుంది?

తినకపోవడానికి రెండవ కారణం ఇంకా పెద్దది. తాబేలు శీతల రక్త జంతువు. మన ఒంట్లో వేడి మన ఒళ్ళే పుట్టించుకుంటుంది. తాబేలు తనకు కావలసిన వేడి చాలావరకు ఎండ నుంచి తెచ్చుకోవాలి. ఒళ్ళు చల్లగా ఉన్నప్పుడు దాని కడుపులో అరుగుదల సాగదు, ఆకలీ పుట్టదు. పొయ్యి వెలిగించకుండా ఎసరు పెడితే అన్నం ఉడుకుతుందా? మనం ఇక్కడ ఆవకాయ రోజులలో చెమటలు కారుస్తూ ఉంటాం. అదే ఏప్రిల్‌లో ఇంగ్లండులో ఇంకా చలి వదలదు. ఆ చలిలో, ఎండ తగలని వంటింటి మూల తాబేలు ముందు ఎన్ని వంటకాలు పెట్టినా ఏం లాభం?

ఇలాంటి సంగతే ఇంగ్లండులో 240 ఏళ్ళకు పూర్వం ఒకసారి జరిగింది. సెల్బోర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడు ఉండేవాడు. ఆయన 1720లో పుట్టి 1793లో చనిపోయాడు. పక్షులను, పురుగులను, మొక్కలను ఓపికగా చూసి, చూసినది చూసినట్టు రాసుకోవడం ఆయన అలవాటు. ఆయన మేనత్త రింగ్మర్ అనే ఊళ్ళో ఉండేది. ఆవిడ దగ్గర తిమోతి అనే మెట్ట తాబేలు 30 ఏళ్ళకు పైగా పెరిగింది. కొత్తవాళ్ళు వస్తే అది తల తిప్పి కూడా చూసేది కాదు. రోజూ ఆకులు పెట్టే మేనత్త కనబడితే మాత్రం తన నడకకు వీలైనంత చురుకుగా ఎదురు వెళ్ళేదని వైట్ రాశాడు.

1780 మార్చిలో మేనత్త చనిపోయింది. తిమోతి వైట్ పాలికి వచ్చింది. అప్పటికింకా అది మట్టిలో దూరి చలికాలపు నిద్రలో ఉన్నది. ఆయన దాన్ని తవ్వి తీసి, మట్టి నింపిన పెట్టెలో పెట్టి, గుర్రపు బళ్ళలో 80 మైళ్ళు ప్రయాణం చేయించి తన ఊరికి తెచ్చాడు. తవ్వినప్పుడు అది బుస్సుమన్నది. చిరాకుపడిందని ఆయన అనుకున్నాడు! బళ్ళ కుదుపుకు పూర్తిగా మేలుకుని, తోటలో వదలగానే చివరిదాకా రెండుసార్లు నడిచింది. సాయంకాలం చలి వేసేసరికి మెత్తటి మట్టి చూసుకుని అందులో దూరిపోయింది.

అప్పుడు వైట్ ఏం చేశాడో తెలుసా? ఏమీ చేయలేదు. మళ్ళీ తవ్వి తీయలేదు. ఏప్రిల్ 21న ఆయన ఒక స్నేహితునికి ఉత్తరం రాసేనాటికి కూడా తిమోతి మట్టిలోనే ఉన్నది. వేడి వచ్చినప్పుడు అదే బయటికి వచ్చింది. ఆయన చనిపోయే దాకా, 13 ఏళ్ళు, ఆ తోటలోనే బతికింది. మరుసటి ఏడు, 1794లో, అదీ చనిపోయింది. అప్పటిదాకా అందరూ మగ తాబేలు అనుకున్న తిమోతి నిజానికి ఆడదని తరువాత దాని చిప్పను పరీక్షించినవారు తేల్చారు. ఆ చిప్ప ఇప్పటికీ లండనులోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో భద్రంగా ఉన్నది.

తిమోతి తిండిని గురించి వైట్ రాసినది మనకు ముఖ్యం. వసంతంలో బయటికి వచ్చిన కొత్తలో దానికి తిండి మీద ధ్యాసే ఉండేది కాదు. నడి వేసవిలో తెగ తినేది. చలికాలం దగ్గర పడే కొద్దీ మళ్ళీ తగ్గించేది. తుంచితే పాలు కారే ఆకులంటే దానికి ప్రాణం. లెట్యూస్, పసుపుపచ్చ పూలు పూసే డాండెలియన్ అనే కలుపు మొక్క అలాంటివే. ఇంతకూ తాబేలుకు ఆకలి చెప్పేది గడియారం కాదు, సూర్యుడు.

కనుక మన అబ్బాయి చేయవలసిన పనులు వరుసగా ఇవి.

మొదటిది, ఇల్లు. అద్దాల తొట్టి తీసెయ్యాలి. అద్దం అడ్డమని తాబేలుకు తెలియదు. దారి ఉన్నదనుకుని పొద్దస్తమానం దాన్ని తోస్తూనే ఉంటుంది. పైన మూత లేని వెడల్పాటి చెక్కపెట్టె మేలు. అందులో అది దూరి దాక్కోగలిగినంత లోతుగా మట్టి పొయ్యాలి. ఒక మూల చీకటి గూడు ఒకటి అమర్చాలి. దాక్కునే చోటు ఉన్నదని ధైర్యం కలిగితేనే అది బయటికి వస్తుంది.

రెండవది, వేడి, వెలుగు. పెట్టెకు ఒక చివర పైన వేడినిచ్చే దీపం కట్టాలి. దాని కింద, తాబేలు వీపు ఎత్తున, 30 నుంచి 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడి ఉండాలి. చేత్తో చూసి చెప్పడం కాదు, థర్మామీటరు పెట్టి చూడాలి. రెండో చివర చల్లగా ఉంచాలి. వేడెక్కితే నీడకు, చల్లబడితే దీపం కిందికి అదే నడుస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా దానికి అవసరం. అవి లేకపోతే ఒంట్లో డి విటమిను తయారు కాదు, ఎముకలు, చిప్ప మెత్తబడతాయి. కిటికీ అద్దం ఆ కిరణాలను అడ్డుకుంటుంది గనుక కిటికీ పక్కన పెట్టినంత మాత్రాన చాలదు. ఆ కిరణాలను ఇచ్చే దీపాలు అమ్ముతారు. పగలంతా వెలిగించి రాత్రి ఆర్పెయ్యాలి. మంచి ఎండ కాసిన రోజున తోటలో నీడ కూడా ఉన్న చోట, కంచె కట్టి వదిలితే అన్నిటికంటె మంచిది. కంచె మాత్రం గట్టిగా ఉండాలి సుమా! 1784లో తిమోతి తోట దాటి వెళ్ళి, వారానికి పైగా కనబడకుండా పోయింది!

మూడవది, నీళ్ళు. రోజుకొకసారి వెడల్పాటి పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి, 15 నిమిషాలు అందులో ఉంచాలి. నీళ్ళు దాని గడ్డం దాటరాదు. ఎందుకంటే మెట్ట తాబేలుకు ఈత రాదు. తిండి ముట్టని తాబేలు కూడా చాలాసార్లు ఇలా నీళ్ళలో నిలబడి తాగుతుంది. పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి.

నాలుగవది, అన్నిటికంటె కష్టమైనది: వదిలెయ్యడం. వారం రోజులు స్నానానికి తప్ప ఎవరూ దాన్ని ఎత్తరాదు. స్నేహితులు దూరం నుంచే చూడాలి. చిప్పలో కూడా నరాలు ఉన్నాయి, తట్టితే దానికి తెలుస్తుంది. వెల్లకిలా తిప్పి ఆడరాదు. లోపలి అవయవాల బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది.

చూశారా? ఇన్ని చెప్పినా తిండి మాట ఇంకా రానే లేదు. దాని వంతు ఇప్పుడు వచ్చింది.

రొట్టె, పాలు, అరటిపండు, టమాటో మానెయ్యాలి. పాలు అరిగించుకునే శక్తి తాబేలుకు లేదు. తీపి పండ్లు ఈ జాతి తాబేళ్ళ కడుపు చెడగొడతాయి. పీచు ఎక్కువగా ఉండే ఆకులే వాటి తిండి. డాండెలియన్ ఆకులు, పూలు, మందార పూలు పెట్టవచ్చు. పురుగుమందు చల్లిన చోటునుంచి, బళ్ళు తిరిగే రోడ్డు పక్కనుంచి కోసి తేరాదు. చాలా తాబేళ్ళు పసుపు, ఎరుపు రంగుల వైపు ముందుగా వెళతాయి. అందుచేత ఆకుల మీద ఒక పసుపుపచ్చ పువ్వు పెట్టి చూడాలి. పొద్దున దీపం వెలిగించి, తాబేలు ఒక గంట వేడి కాచుకున్న తరువాత, చదునైన రాయి మీద ఆకులు పెట్టి అవతలికి వెళ్ళిపోవాలి. నోరు బలవంతంగా తెరవరాదు. తాబేలుకు పళ్ళు లేవు. ముక్కులాంటి గట్టి అంచులతో ఆకును కత్తిరించుకుంటుంది. ఆ అంచులు విరిగితే మరీ కష్టం. పెట్టెలో ఒక పక్క సముద్రపు నురుగు ముక్క ఒకటి ఉంచితే కొరుక్కుంటుంది, కాల్షియం అందుతుంది.

ఇంకొక మాట. నాకంటె ఆ తాబేలు సంగతి బాగా తెలిసినవారు ఒకరున్నారు, ఆ మామ్మగారు! ఏ ఆకు పెట్టేవారు, ఏ వేళకు పెట్టేవారు, ఏ పళ్ళెంలో పెట్టేవారు అని ఆవిడను వెళ్ళి అడగాలి. వీలైతే ఆ పళ్ళెమే తెచ్చుకోవాలి. ఆవిడకు కూడా సంతోషంగా ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద తాబేలు కొద్ది రోజులు తినకపోతే చచ్చిపోదు. పిల్ల తాబేలుకు మాత్రం అంత ఓర్పు ఉండదు. వేడి, వెలుగు, నీళ్ళు, నీడ అన్నీ అమర్చిన తరువాత కూడా వారం రోజులు ఏమీ ముట్టకపోతే తాబేళ్ళ సంగతి తెలిసిన పశువైద్యునికి చూపాలి. ముక్కు వెంట నీరు గాని, బుడగలు గాని వస్తున్నా, కళ్ళు వాచి మూసుకుపోయినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా ఒక్క రోజు కూడా ఆగరాదు. వారానికొకసారి తూకం వేసి పుస్తకంలో రాసుకోవాలి. బరువు తగ్గిపోతున్నదంటే ఆ అంకెలే ముందుగా హెచ్చరిస్తాయి. వైట్ కూడా తిమోతిని తూకం వేసి రాసుకునేవాడు.

తాబేలును ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వాటి ఒంటిమీద ఉండవచ్చు. దానివల్ల మనకు జ్వరం, విరేచనాలు పట్టుకుంటాయి. చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారని, 4 అంగుళాల కంటె చిన్న చిప్ప గల తాబేళ్ళను పెంచుకోవడానికి అమ్మరాదని 1975లో అమెరికాలో నిషేధించారు.

ఇది చదివి "మేమూ ఒక తాబేలు తెచ్చుకుంటాం" అని మీలో ఎవరైనా లేస్తారేమో! ఆగండి. మన రాయలసీమ పొదలలోను, మరికొన్ని మెట్ట ప్రాంతాలలోను నక్షత్ర తాబేలు ఉంటుంది. నల్లటి చిప్ప మీద పసుపు గీతలు చుక్కల్లాగ విచ్చుకుని ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఆ అందమే దానికి శత్రువయింది. దొంగతనంగా పట్టి, సంచుల్లో కుక్కి, దేశాలు దాటించి అమ్ముకుంటున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. అడవినుంచి పట్టినవాటిని దేశాల మధ్య అమ్మరాదని 2019లో ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. చెరువుల్లో ఉండే మన నీటి తాబేళ్ళను కూడా పట్టుకోరాదు. రోడ్డు మీద తాబేలు కనబడితే, బళ్ళు రాకుండా పెద్దవాళ్ళను చూడమని, అది ఏ దిక్కుకు పోతున్నదో ఆ దిక్కునే రోడ్డు దాటించి వదలండి. ఎవరి దగ్గరైనా బందీగా ఉంటే అటవీశాఖ వారికి తెలియజేయండి.

అయితే మీరు చేయగల పని ఒకటున్నది. మీ ఇంటికి కొత్తగా దూడో, కుక్కపిల్లో, పిల్లికూనో వచ్చిందనుకోండి. ఏడు రోజులు దాన్ని దూరం నుంచి చూసి ఒక పుస్తకంలో రాయండి. మొదట ఎక్కడ పడుకున్నది? నీళ్ళు ఎప్పుడు తాగింది? మొదటి ముద్ద ఏనాడు, ఏ వేళప్పుడు తిన్నది? ఎవరి దగ్గరికి తనంతట తాను వచ్చింది? ఊహించి రాయకండి, చూసినదే రాయండి. బాగా రాసినవాటిని ఈ పేజీలోనే వేస్తాను.

ఇంగ్లండు అబ్బాయికి కూడా ఇదే పని అప్పగించాను. తాబేలు మొదటి ఆకు కొరికిన తేదీ, ఆ పూట థర్మామీటరు చూపిన డిగ్రీలు రాసి పంపమన్నాను. రాగానే మీకు చెబుతాను.