దగ్గు వస్తే గోలీ పారేయడమేనా?



"కొలెస్ట్రాల్ గోలీలు ఊపిరితిత్తులను తినేస్తాయి, వెంటనే మానేయండి" అనే మెసేజ్ సోలాపూర్‌లో మన పద్మశాలి గ్రూపుల్లో తిరుగుతోంది. అది చదివి స్టెంట్ వేయించుకున్నవాళ్లు కూడా అటోర్వాస్టాటిన్ పక్కన పెడుతున్నారు. దాన్ని ముందుకు పంపేవాళ్లను నేరుగా అడుగుతున్నా: రేపు వాళ్లకు గుండెపోటు వస్తే బాధ్యత మీదేనా?

అందులో నిజం అసలే లేదని నేను అనను. ఈ స్టాటిన్ మందుల వల్ల చాలా అరుదుగా ఊపిరితిత్తుల లోపల వాపు వచ్చి అవి గట్టిపడవచ్చు. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2009లోనే ఈ సంగతి హెచ్చరించింది. పొడి దగ్గు, దమ్ము, సత్తువ తగ్గడం కనిపిస్తే డాక్టరుకు చెప్పమంది. చెప్పమంది, సొంతంగా గోలీ పారేయమనలేదు.

రెండో వైపు లెక్క కూడా చూడండి. 1994లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనంలో 4,444 మంది గుండె రోగులను ఐదేళ్లకు పైగా గమనించారు. సిమ్వాస్టాటిన్ వాడినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

మరి మనకు దగ్గు ఎక్కడిది? మన ఆడవాళ్లు బీడీలు చుడుతూ తంబాకు దుమ్ము పీలుస్తారు. సాంచల దగ్గర మగవాళ్లు దూది నూగు పీలుస్తారు. టీబీ ఉంది. గుండె బలహీనపడినా దమ్ము వస్తుంది. కొలెస్ట్రాల్ గోలీతో పాటు రాసే బీపీ గోలీల్లో రామిప్రిల్, ఎనాలాప్రిల్ చాలామందికి పొడి దగ్గు తెస్తాయి. డాక్టరును అడిగితే వాటికి బదులు వేరేవి ఉన్నాయి. ఇవన్నీ వదిలి ఒక్క గోలీ మీద నింద వేస్తే అసలు జబ్బు లోపలే ముదురుతుంది.

డాక్టర్లతోనూ పేచీ ఉంది. మన అవ్వ "దమ్ము ఆడుతలేదు" అన్న మాటను మరాఠీలో సగమే చెప్పగలదు. "వయసు అయింది" అని పంపించేస్తారు. డబ్బాలో కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు తెలుగు చదవరాదు.

మార్కండేయ రథోత్సవానికి ఇంటింటికీ తిరిగే సంఘం ఈ పనికి తిరగలేదా? ప్రతి ఇంటికీ తెలుగులో, మరాఠీలో ఒక కాగితం ఇద్దాం: ఏ గోలీలు, ఎప్పటి నుంచి, దగ్గు ఎప్పుడు మొదలైంది, చేసే పని ఏమిటి. అవసరమైన అవ్వకు తోడుగా ఒక మనిషిని పంపుదాం.

కూర్చున్నా దమ్ము తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా గ్రూపులో అడగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. గోలీ మానాలా, మార్చాలా అన్నది అక్కడ తేల్చుకోండి.