తోటంటే ఖాళీ జాగా కాదు

బషీర్‌బాగ్, జామ్‌బాగ్, రాంబాగ్, కిషన్‌బాగ్, సీతారాంబాగ్, బాగ్‌లింగంపల్లి. బాగ్ అంటే తోట. హైదరాబాదులో ఏ బాగ్‌కి పొమ్మన్నా ఆటోవాలా తీసుకుపోతాడు. దిగి చూస్తే అపార్ట్‌మెంట్లు, మిర్చి బండి, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. 1660లలో ఇటు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఈ ఊరిని బాగ్‌నగర్ అనే రాసుకున్నాడు. ఆ పేరు భాగమతిదంటారు కొందరు, ఆ భాగమతి అసలు ఉందా లేదా అని గంటలకొద్దీ వాదించుకునే ఓపిక మనకుంది. తోట ఉందా పోయిందా అని అడిగే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

లోకంలో పాత తోటల చరిత్ర ఒక పెద్ద చదువు. ఇంగ్లండులో 1965లోనే దాని కోసం ఒక సంఘం పెట్టుకున్నారు. సదస్సులు జరుపుతారు, బస్సులు కట్టుకుని పాత తోటలకు పోతారు, ఏ చెట్టు ఎప్పుడు నాటారో, నీళ్లు ఎటునుంచి ఎటు పారేవో ఆ మట్టి మీదే నిలబడి మాట్లాడుకుంటారు. 1981లో ఫ్లారెన్స్‌లో కూర్చున్న నిపుణులు చారిత్రక ఉద్యానం కూడా ఒక కట్టడమే, కాకపోతే ప్రాణమున్న కట్టడం అని రాతపూర్వకంగా తేల్చారు. దొరల తోటలన్నీ పుణ్యం సొమ్ముతో వేసినవని నేననడం లేదు, వాటిలో కొన్నిటికి డబ్బు ఎక్కడినుంచి పోయిందో మనకు తెలియనిది కాదు. అయినా ఉన్నదాన్ని లెక్క రాసి కాపాడుకుంటున్నారు.

మన తోటల మీద పని జరగలేదా అంటే, జరిగింది. దక్కనీ కావ్యాలు వెతికి, అప్పటి తోటల్లో ఏ పూలుండేవి, ఏ వాసనలు వీచేవి అని అలీ అక్బర్ హుసేన్ పుస్తకం రాశారు. 2000లో అది అచ్చయింది కరాచీలో. గోల్కొండ తోటల గురించి చదవాలంటే సరిహద్దు దాటి వచ్చిన పుస్తకం తెరవాలి. ఇక్కడ మనకున్నది మట్టి ఒక్కటే. దాన్నయినా ఉంచుకుంటున్నామా?

నయా ఖిలాకి వెళ్లి చూడండి. 1656లో ఔరంగజేబు దాడి తరవాత, గోల్కొండ కోటకు ఈశాన్యాన ఉన్న గుట్ట మళ్లీ శత్రువు చేతికి చిక్కకూడదని అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో గోడ కట్టి కలుపుకున్న భాగం అది. అందులోనే హతియాన్ కా ఝాడ్, అంటే ఏనుగుల చెట్టు, ఉంది. ఆఫ్రికా జాతి బావోబాబ్, చుట్టుకొలత సుమారు 27 మీటర్లు, వయసు 400 ఏళ్లు దాటిందని అంచనా. మాను మీద చెయ్యి వేస్తే ఏనుగు చర్మంలాగే ముడతలు తగులుతాయి. ఆ ముడతల మీద పేర్లు, ప్రేమ గుర్తులు, ఒక చోట సెల్ నంబరు కూడా. ఆ దగ్గర్లో 2014లో కేంద్ర పురావస్తు శాఖ తవ్విస్తే కుతుబ్‌షాహీల తోట బయటపడింది. నీటి కాలువలు, తొట్లు, నడక దారులు, కాల్చిన మట్టి గొట్టాలు. మోటారు లేదు, కరెంటు లేదు. వాలు చూసుకుని, ఎత్తు మీది నీటిని గొట్టాల్లోంచి దించి, ఆ ఒత్తిడితోనే చిమ్మించిన పనితనం అది. మన వీధి కుళాయికి ఇవాళ్టికీ అంత ఒత్తిడి రాదు.

ఇంత దొరికాక ఏం చెయ్యాలి? కంచె వేసి, నీడ కట్టి, బోర్డు పెట్టి, బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చి చూపించాలి. నేను చూసినప్పుడు తవ్విన కాలువలో గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. చుట్టూ మాత్రం గోల్ఫ్ కోర్సు గడ్డి నున్నగా కత్తిరించి, వేళకు నీళ్లు పట్టించి, పచ్చగా మెరుస్తోంది. ఒకే ఖిలాలో రెండు గడ్డులు. దేనికి తోటమాలి ఉన్నాడో చూస్తే ఈ ఊళ్లో దేనికి విలువుందో అర్థమైపోతుంది.

ఒకసారి నగరంలో వారసత్వం మీద సదస్సు జరిగింది. పెద్ద హోటలు, మెడలో కార్డులు, దక్కన్ తోటల మీద రెండు మంచి ప్రసంగాలు. చివరి రోజు కార్యక్రమంలో చారిత్రక ఉద్యానాల సందర్శన అని ముద్రించారు. బస్సు నయా ఖిలా గేటు దగ్గర ఆగింది. అనుమతి కాగితం ఎవరూ తేలేదు.

"లోపల ఏముంది సార్? చెట్టొక్కటే గదా. ఖాళీ జాగా" అన్నాడు గేటు దగ్గరి మనిషి.

అతన్ని నేను తప్పుపట్టను, అతనికి చెప్పినవాళ్లెవరు? నాకు మండింది సదస్సు నడిపిన మా వాళ్ల మీద. అయిదు నిమిషాలు కూడా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. "పోనీలెండి మేడమ్, ఎండ కూడా ఎక్కువగా ఉంది" అని బస్సు తిప్పించి ముత్యాల దుకాణానికి పట్టుకుపోయారు. ఆ తోట కోసమే అంత దూరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, విశ్రాంత ప్రొఫెసర్, కిటికీలోంచి కోట గోడను ఫొటో తీసుకుంది. దుకాణంలో మాత్రం గంటన్నర కూర్చోబెట్టారు.

ఖాళీ జాగా. ఈ జబ్బు గేటు దగ్గర మొదలైంది కాదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌నే తీసుకోండి, బాగ్-ఎ-ఆమ్, పేరులోనే జనానిది అని ఉంది. టౌన్‌హాల్ అక్కడే కట్టారు, అదే తరవాత శాసనసభ అయింది. మ్యూజియం అక్కడే, జూబిలీ హాల్ అక్కడే, బాలభవన్ అక్కడే, లలిత కళాతోరణం అక్కడే. అన్నీ మంచి పనులే, కాదనను. కానీ ఎవరికి ఏ భవనం కావలసివచ్చినా తోటే గుర్తొచ్చింది. గోడ పడగొడితే నాలుగు పత్రికల్లో ఫొటో వస్తుంది. తోటను చదును చేస్తే అభివృద్ధి పని అని శిలాఫలకం వేస్తారు. పాత తోట మట్టి పొరల్లో గింజలు, పుప్పొడి, కాలువల వాలు, పాదుల గుంటలు ఉంటాయి. బుల్డోజరు ఒక్క పూట తిరిగితే చాలు, ఉన్న ఒకే ఒక్క తాళపత్రాన్ని పొయ్యిలో పెట్టినట్టే. తరవాత పదికోట్లు పోసి ఫౌంటెన్ పెట్టినా అది తిరిగి రాదు.

చెయ్యడం రాదా అంటే వస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో వానలకు కూలిన బడీ బావిని ఆగాఖాన్ ట్రస్టు మళ్లీ నిలబెట్టింది. మౌలాలీలో మహ్‌లఖా బాయి చందా కట్టించిన సమాధి తోట బాగుపడింది, అమెరికా ప్రభుత్వం ఇచ్చిన సొమ్ముతో. ఉర్దూలో దివాన్, అంటే కవితల సంపుటి, ఉన్న తొలి కవయిత్రుల్లో ఆమె ఒకరు, మన ఊరి మనిషి. ఆమె తోట గడ్డి కోయించడానికి వాషింగ్టన్ డబ్బు పంపాలా? పక్కన కర్ణాటక వాళ్లు ప్రభుత్వ తోటలను కాపాడటానికి 1975లోనే ప్రత్యేక చట్టం చేసుకున్నారు, హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శనకు జనం వరస కడతారు. ఢిల్లీలో 2018లో సుందర్ నర్సరీ తెరిస్తే టికెట్ కొనుక్కుని పోతున్నారు. మన దగ్గర ఏం జరిగింది? పాత కట్టడాలను, రాతిగుట్టలను జాబితా కట్టి కాపాడే 13వ నిబంధన నగర నిర్మాణ నియమాల్లో ఉంటే, 2015 చివర దాన్నే తీసేశారు. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. తోటను తోటగా గుర్తించి ఏం చేశారో చెప్పమనండి.

గోల్కొండ, సమాధులు, చార్మినార్ ప్రపంచ వారసత్వానికి 2010 నుంచి తాత్కాలిక జాబితాలో కాచుక్కూర్చున్నాయి. రేపు పరిశీలకులు వస్తే వాళ్లకు కూడా ముత్యాలే చూపిస్తారా?

అధికారులకు నేను అడిగేది పెద్దదేమీ కాదు. నయా ఖిలాలో తవ్విన తోటకు కంచె వెయ్యండి, తెలుగులో ఒక బోర్డు పెట్టండి, ఏడాదికి కొన్ని రోజులయినా అనుమతి కాగితాలు లేకుండా జనాన్ని లోపలికి పోనివ్వండి. చదివే మీకూ ఒక మాట. ఈసారి గోల్కొండకు చుట్టాలను తీసుకుపోయినప్పుడు పైదాకా వినిపిస్తుందని చప్పట్లు కొట్టించి వెనక్కి తిప్పకండి. నయా ఖిలా గేటు దాకా నడవండి, తోట ఎక్కడని అడగండి. లేదంటే, ఎందుకు లేదో రాతపూర్వకంగా అడగండి.