అందం ముందా, ఆట ముందా?

వీడియో గేముల గురించి స్కూలు పత్రికలో రాసేదేముంది అని మా ఇంట్లోనే అడిగినారు. ఉంది. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. అంత డబ్బు పోసి కొన్న పెట్టెలో ఆట తడబడుతూ నడుస్తుంటే, "బొమ్మ బాగుంది కదా, ఇంకేం కావాల?" అనేవాళ్లు మా చుట్టూ చాలామంది ఉన్నారు. ఆ మాట తప్పని చెప్పేకే ఈ వ్యాసం.

బెంగళూరులో పని చేసే మా పెద్దనాయన కొడుకు పండగకు వచ్చినప్పుడల్లా ఇదే పాట. "4కే లో చూడరా, గడ్డిపోచలు కూడా లెక్కపెట్టొచ్చు" అంటాడు. గడ్డి లెక్కపెట్టేకి మాకు చేను లేదా అన్నా!

విషయం తెలియని పెద్దవాళ్లకు ముందు కొంచెం చెప్పాల. తెర మీద ఏదీ నిజంగా కదలదు. ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వస్తుంది, అంతే. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. కానీ సినిమా బొమ్మలు ముందే తీసి పెట్టినవి. ఆటలో అట్ల కాదు. మనం బటన్ నొక్కినాక, దానికి తగిన బొమ్మను యంత్రం అప్పటికప్పుడు గీయాల. సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తుందో దాన్నే ఫ్రేమ్ రేటు అంటారు. 30 గీస్తే ఒక్కో బొమ్మకు 33 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 60 గీయాలంటే దాంట్లో సగం, 17 కూడా దొరకవు.

ఇక్కడే తగాదా మొదలవుతుంది. మన చిక్కబళ్లాపురం జిల్లావాళ్లకు దీన్ని బోరుబావితో చెప్తే తొందరగా అర్థమవుతుంది. బోరులో రెండించుల నీళ్లే పడినాయి. ఒక పక్క టమాటా, ఇంకో పక్క మల్బరీ. టమాటాకు ఎక్కువ వదిలితే మల్బరీ ఎండుతుంది. యంత్రం శక్తి కూడా ఆ రెండించుల నీళ్లే. 4కే బొమ్మ అంటే సుమారు 83 లక్షల చుక్కలు. మామూలు ఫుల్ హెచ్‌డీ బొమ్మలో సుమారు 21 లక్షలు. నాలుగింతల చుక్కలకు రంగు వేయాల, దాని మీద రే ట్రేసింగ్ అని వెలుతురు ఎట్ల పడుతుందో, నీటిలో నీడ ఎట్ల కనిపిస్తుందో కూడా లెక్క వేయాల. అంత పని 17 మిల్లీసెకన్లలో కాదు. అందుకే చాలా ఆటల్లో రెండు దారులు పెడతారు: అందానికి క్వాలిటీ లేదా ఫిడెలిటీ మోడ్, వేగానికి పర్ఫార్మెన్స్ మోడ్.

నేను వేగం పక్షం. ఎందుకో క్రికెట్‌తో చెప్తాను. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో బంతి వస్తే బ్యాట్స్‌మన్‌ను చేరేకి దాదాపు అర సెకను పడుతుంది. 30 ఫ్రేముల ఆటలో ఆ బంతి మనకు 15 సార్లే కనిపిస్తుంది, ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య మీటరుకు పైగా దూకేస్తుంది. 60లో 30 సార్లు కనిపిస్తుంది. ఎవరు బాగా కొడతారు? పైగా మనం నొక్కిన బటన్ ఫలితం కూడా తర్వాతి బొమ్మ వస్తేనే తెలిసేది. ఔటైనాక పిచ్ మీద గడ్డి ఎంత పచ్చగా ఉన్నా ఏం లాభం?

మరి అందరూ అందం అందం అని ఎందుకంటారు? అట్టపెట్టె మీద, పేపరు ప్రకటనలో వేసేది ఫోటో కాబట్టి. ఫోటోలో ఫ్రేమ్ రేటు కనపడదు. పెళ్లిచూపులకు పంపిన ఫోటో చూసి మనిషి నడక చెప్పగలమా? కంపెనీలకు ఇది బాగా తెలుసు. 2020 డిసెంబరు 10న సైబర్‌పంక్ 2077 ఎంత ఆర్భాటంగా వచ్చిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాత ప్లేస్టేషన్ 4 మీద అది నడవలేక నడిచింది, మధ్యలో ఆగిపోయింది. వారం రోజులకే సోనీ దాన్ని తన స్టోరులో నుంచి తీసేసింది. తిరిగి పెట్టేసరికి 2021 జూన్ అయింది. ఊరు ఎంత అందంగా గీసినా దాంట్లో తిరగలేకపోతే జనం ఒప్పుకోలేదు.

ఇది నా ఒక్కని పంతం కాదు. ప్లేస్టేషన్ రూపకర్త మార్క్ సెర్నీ 2024 సెప్టెంబరులో, ఏదో ఒక మోడ్ ఎంచుకోమంటే ఆడేవాళ్లు నాలుగింట మూడు వంతులు పర్ఫార్మెన్స్‌నే తీసుకుంటున్నారని చెప్పినాడు. 2023లో స్టార్‌ఫీల్డ్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మీద 30 ఫ్రేములతోనే వచ్చింది, అదే మంచిదని సమర్థించుకున్నారు. మరుసటి ఏడు మే నెలలో వాళ్లే 60 ఇచ్చినారు.

మా నాయన ఒక మాట అడిగినాడు: "మా కాలంలో కేసెట్ పెట్టి మారియో ఆడితే ఇట్ల నత్తనడక లేదే?" నిజమే నాయనా. 1985 నాటి సూపర్ మారియో సెకనుకు 60 బొమ్మలతో నడిచేది. మన టీవీల పాల్ పద్ధతిలో 50. నలభై ఏండ్ల కింద ఉన్నదాన్ని ఇప్పుడు వదులుకోమంటే ఎట్ల?

రెండో పక్షానికీ ఒక న్యాయం ఉంది, అది కాదనను. ఊరకే తిరుగుతూ గుళ్లూ కొండలూ చూసే కథల ఆటలకు క్వాలిటీ మోడ్ పెట్టుకోవచ్చు. ఇంకోటి: స్థిరంగా నడిచే 30, ఎగిరి పడే 50 కంటే మేలు. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటే ఎక్కేకి సులువు, ఒక మెట్టు పొడుగు ఒక మెట్టు పొట్టి అయితేనే తూలిపడతాం. మధ్యదారి కూడా ఉంది. పోరు ఎక్కువైనప్పుడు చుక్కలు తగ్గించి, తర్వాత వాటిని సాగదీసి నింపే పద్ధతి. డ్రిప్పు పైపులాంటిది అనుకోండి, మొక్క మొదట్లో నీళ్లు పడితే చాలు, చేనంతా తడపనక్కరలేదు. సెకనుకు 40 బొమ్మల మోడ్ కూడా కొన్ని ఆటల్లో వచ్చింది గాని, దానికి 120 హెర్ట్జ్ టీవీ కావాల. అది మా వీధిలో ఒక్క ఇంట్లోనూ లేదు.

టీవీ మాట వచ్చింది కాబట్టి బాగేపల్లి, చింతామణి సంగతి చెప్తాను. నేను చూసిన ఇండ్లలో, గంటకింత అని తీసుకునే అంగళ్లలో, ఎక్కువ టీవీలు ఫుల్ హెచ్‌డీవే. యంత్రం కష్టపడి 83 లక్షల చుక్కలు గీసినా, వాటిని మళ్లీ 21 లక్షలకు కుదించి చూపాల్సిందే. అంచులు కొంచెం నునుపుగా కనిపిస్తాయి, అంతే. ఆ కొంచెం కోసం సగం బొమ్మలు పోగొట్టుకోవాలా? 60 ఫ్రేములకైతే ఆ పాత టీవీయే చాలు. పెద్ద టీవీ కొనమని నాయనను సతాయించే తమ్ముళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోండి.

నాకు అసలు కోపం వచ్చేది ఇంకొకదాని మీద. నేను చూసిన ఆటల మెనూల్లో తెలుగు లేదు, కన్నడం లేదు. ఫిడెలిటీ అంటే ఏమిటని మా తరగతిలో అడిగితే ఒక్కరు చెప్పలేదు. తెలుగు మీడియం పిల్లలకే కాదు, పక్క స్కూలువాళ్లకూ తెలియదు. తెలియక వచ్చినదాన్ని వచ్చినట్టే వదిలేస్తారు, ఓడిపోతే తమకు చేత కాలేదనుకుంటారు. గంటకు డబ్బు కట్టి ఆడే పిల్లవాడికి ఇది అన్యాయం.

ప్లేస్టేషన్ 5 సెట్టింగ్స్‌లో, సేవ్డ్ డేటా అండ్ గేమ్/యాప్ సెట్టింగ్స్ అనే చోట గేమ్ ప్రీసెట్స్ అని ఉంటుంది. అక్కడ రెజల్యూషన్ మోడ్ తీసి పర్ఫార్మెన్స్ మోడ్ పెడితే, ఆ వీలు ఉన్న ఆటలు దాన్నే తీసుకుంటాయి. లేనివాటిలో ఆట లోపలి మెనూలో మార్చుకోవాల. అంగడి నడిపే అన్నలు ఈ పని చేసి, టీవీ పక్కన తెలుగులో, కన్నడంలో రెండు ముక్కలు రాసి అంటించాల: "వేగం కావాలంటే ఇది, అందం కావాలంటే అది." ఏది కావాలో పిల్లలే చెప్పుకుంటారు.