కట్టు కడితే చాలదు



ఎముక విరిగినవారికి మా పుత్తూరు కట్టును గూర్చి చెప్పనక్కరలేదు. ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డపీలికలు, అంతే. కట్టు కట్టేవారు ఎముకను సరిచేసి కదలకుండా ఉంచుతారు. అతికించేది సృష్టికర్త ఆ దేహంలో ఉంచిన శక్తి. అతుకకముందే మనిషి మళ్లీ పడితే కట్టు వల్ల ప్రయోజనం లేదు. సముద్రంలోని పగడపు దిబ్బల సంగతీ ఇంతేనని మేము గ్రహించాము.

పగడం రాయి కాదు, ప్రాణి. దాని దేహంలో నివసించే సూక్ష్మమైన నాచు దానికి ఆహారమిస్తుంది. సముద్రజలం మామూలు వేసవి వేడికంటే ఒక్క డిగ్రీ అధికమై కొన్ని వారాలు నిలిచినా ఆ నాచు తొలగిపోయి పగడం తెల్లబడుతుంది. అప్పటికింకా చావదు, నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. అండమాన్ దిబ్బలు 1998లో, 2010లో, 2016లో ఇలా తెల్లబడ్డాయి. కోలుకునే వ్యవధి తగ్గుతూ వస్తున్నది.

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వెళ్లి ఆ దీవులలో స్థిరపడిన తెలుగు మత్స్యకారులు ఎందరో ఉన్నారు. పగడపు దిబ్బ చేపపిల్లలకు నీడ, ఒడ్డుకు అలల నుండి రక్షణ. అది పోతే వారి వలకూ ఇంటికీ నష్టమే.

అక్కడ కట్టు కట్టే ప్రయత్నం జరుగుతూనే ఉన్నది. వండూరు వద్ద 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులకు సందర్శకులను వంతులవారీగా అనుమతిస్తారు. ఒకటి తెరచి ఉండగా మరొకటి విశ్రమిస్తుంది. వాడి పారేసే ప్లాస్టిక్‌ను పడవ ఎక్కనివ్వరు.

కానీ సముద్రపు వేడిని ఏ ఉద్యానపు హద్దు ఆపగలదు? బొగ్గు, పెట్రోలు మండించిన పొగ భూగోళాన్ని వేడెక్కిస్తున్నది. మన రాష్ట్రపు విద్యుత్తులో పెద్ద భాగం బొగ్గు నుండే వస్తుంది. మనుషులు లేని గదిలో తిరిగే ఫ్యాను, రాత్రంతా వెలిగే దీపం ఆ పొగలో భాగస్వాములే. నది ఒడ్డున వుజూ చేసినా నీటిని దుబారా చేయరాదని నేర్చుకున్న మనకు ఈ మాట కొత్త కాదు. దీవులవారికి మనం చేసే సాయం దానం కాదు, పొరుగువారి హక్కును చెల్లించడం.

కాబట్టి ఈ మాసం ప్రతి ఇంటా కరెంటు బిల్లును పిల్లల ముందు చదివి, ఎక్కడ తగ్గించవచ్చునో వారినే అడగండి. అండమాన్ యాత్రకు వెళ్లే కుటుంబాలు దిబ్బలపై కాలు మోపకూడదు. ఒడ్డున దొరికిన పగడపు ముక్కనైనా ఇంటికి తేకూడదు. పగడాలకు వన్యప్రాణి చట్టపు రక్షణ ఉన్నది. దిబ్బను కదలకుండా చూసుకునే పని దీవులవారిది. అది మళ్లీ పడకుండా చూడవలసిన బాధ్యత మనది.