దారి చీలిన చోటు

మన పిల్లల ఆంగ్ల పాఠాలలో 'డైవర్జ్' అనే క్రియ తగులుతుంది. 'విడిపోవు' అని అర్థం రాయించి ముందుకు సాగడం పరిపాటి. ఆ అర్థం చాలదు. లాటిన్‌లో 'వెర్గెరె' అంటే ఒరుగు, మొగ్గు. దానికి 'వేరుగా' అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరి ఈ మాట పుట్టింది. ఒకే చోటు నుండి బయలుదేరినవి రానురాను దూరమవుతూ పోవడం దీని భావం. దారులు, కిరణాలు, అభిప్రాయాలు 'డైవర్జ్' అవుతాయి. ఆలుమగలు విడాకులు తీసుకుంటే ఆంగ్లేయులు ఈ మాట వాడరు. మనకూ ఇందుకు దీటైన పలుకుబడి ఉన్నది. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలింది అంటాము, విడిపోయింది అనము.

ఈ అర్థభేదం ఎంతటిదో ముంబైలోని కామాఠీపురాను చూస్తే తెలుస్తుంది. కామాటి అంటే కూలిపని చేసేవాడు. నిజాం ఏలుబడిలోని తెలుగు పల్లెల నుండి వలసపోయి, బొంబాయి కట్టడాలలో రాళ్లు మోసిన కామాటీల పేరే ఆ పేటకు నిలిచింది. హైదరాబాదు పాతబస్తీలోనూ ఒక కామాటిపుర ఉన్నది. అక్కడ అది కేవలం పేట పేరు. ముంబైలో మాత్రం వేశ్యావాటికకు మారుపేరై, నగరాన్ని కట్టిన చేతుల జ్ఞాపకాన్నే కప్పివేసింది. ఒకే మాట ఇలా రెండు దారులు పట్టింది.

భాష కూడా అలాగే చీలింది. బట్టల మిల్లులను నమ్ముకొని వెళ్లిన పద్మశాలీలు, ఇతర శ్రామికులు చాల్‌ల ఇరుకు గదులలో తెలుగును నిలుపుకొన్నారు. అందులో మరాఠీ మాటలు కలిశాయి. "ఇదీ ఒక తెలుగేనా?" అని నవ్వేవారు మనలో ఉన్నారు. అది అన్యాయం. పాయలో పారేదీ గోదావరి నీరే.

అసలు ముప్పు బడి గడప వద్ద ఉన్నది. ముంబై నగరపాలక సంస్థ తెలుగుతో సహా ఎనిమిది మాధ్యమాలలో బడులు నడుపుతూ వచ్చింది. అయినా 1982 సమ్మె తరువాత మిల్లులు మూతపడి బతుకుతెరువు మారినప్పుడు, బిడ్డలను ఇతర మాధ్యమాలకు పంపిన తల్లిదండ్రులను తప్పుపట్టలేము. కానీ అక్షరం దూరమైతే తెలుగు ఇంటిమాటగా మాత్రమే మిగులుతుంది. మనుమల నాటికి అదీ మిగలదు. 2006లో తమిళనాడు చేసిన నిర్బంధ తమిళ చట్టం తరువాత హోసూరు కుటుంబాలకు ఈ వేదన తెలియనిది కాదు. బళ్లారిలో, సిరోంచలో ఉన్నవారికీ ఇది పరాయి కథ కాదు.

ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధించే వసతులు కల్పించడానికి రాష్ట్రాలు పూనుకోవాలని, 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. అడగనివారికి అది కాగితం మీదనే ఉండిపోతుంది. బిడ్డను బడిలో చేర్చే రోజున మాతృభాష తెలుగు అని రాయించండి. తెలుగు బోధన కావాలని పదిమంది తల్లిదండ్రులు కలసి లిఖితపూర్వకంగా కోరండి. జనగణనలోనూ తెలుగు అనే చెప్పండి. బడిలో తెలుగు లేకపోతే ఇంట్లో రోజూ అరగంట ఓనమాలు దిద్దించండి.

మరాఠీనో, కన్నడమో, తమిళమో నేర్వవద్దని మేము అనడం లేదు. మన పిల్లల దారి చీలవచ్చు. అది ఎక్కడ మొదలైందో వారు చదువుకోగలగాలి, అదీ తెలుగు అక్షరాలలో.