నాయకురాలు అనే మాట

మా ఊరి సెంటర్లో వేపచెట్టుకూ కరెంటు స్తంభానికీ మధ్య పోయిన వారం ఓ ఫ్లెక్సీ కట్టారు. పుట్టినరోజు శుభాకాంక్షలు. పైన ‘యువనేత’ అని, కింద వరసగా 26 ముఖాలు. నిలబడి లెక్కపెట్టాను. ఒక్క ఆడమనిషి లేదు. ఆ యువకుడు ఊరికి ఏం చేశాడో చెప్పే మాట ఒక్కటీ ఆ గుడ్డ మీద లేదు.

నాయకుడు, నేత రెండూ సంస్కృతంలో ‘నీ’ అనే ధాతువు నుంచి పుట్టాయి. తీసుకెళ్లడం అని దాని అర్థం. ఎక్కడికి అన్న ప్రశ్న ఆ మాటలోనే ఉంది. కాకతీయుల కాలంలో సైన్యాన్ని పోషించే షరతు మీద ఊళ్లు పొందినవాళ్లను నాయకులన్నారు. మన చెవికి నేటికీ ఆ మాటలో దారి కన్నా పెత్తనమే ముందు వినిపిస్తుంది. ఆడవాళ్ల దగ్గరికొస్తే మరీ అన్యాయం. ‘నాయిక’ కథల్లో ఉంటుంది. ‘నాయకురాలు’ అనగానే పల్నాటి నాగమ్మ గుర్తొస్తుంది. నలగామరాజు కొలువులో మంత్రాంగం నడిపిన మనిషికి బిరుదులా నిలిచిన మాట అది. నోరున్న ఆడదాన్ని ఎత్తిపొడవడానికి దాన్ని వాడగా చిన్నప్పటి నుంచీ వింటున్నాను.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు మొగుళ్ల కూలి డబ్బు సారాకు పోతున్న సంగతి అక్కడే కూర్చుని మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా అమ్మకూడదని అడ్డం తిరిగారు. వాళ్లలో రోసమ్మ పేరు లోకానికి తెలిసింది, పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు బయటికి రాలేదు. ఊరి నుంచి ఊరికి పాకిన ఆ పట్టుదలకు 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం పెట్టారు, 1997లో సడలించారు. చివరికి ఏం మిగిలింది అనేవాళ్లతో నేను ఏకీభవించను. సారా ఆదాయానికి అలవాటుపడ్డ ప్రభుత్వాన్ని, అప్పుడప్పుడే సంతకం నేర్చుకుంటున్న కూలి మనుషులు దిగివచ్చేలా చేశారు. నాయకత్వానికి నాకు అంతకన్నా పెద్ద కొలత తెలియదు.

మా వైపు నాట్లకొచ్చే ఆడకూలీల ముఠాకో మేస్త్రి ఉంది. తెల్లారకముందే గడప గడపా తట్టి లేపుతుంది. ఎకరాకు ఎంతో రైతుతో తనే తేలుస్తుంది. మొన్న ముఠాలో ఒక పిల్లకు ఏడో నెల. వంగనీయకుండా గట్టు మీద నుంచి నారుకట్టలు అందించమంది. సాయంత్రం కూలి మాత్రం అందరితో సమానంగా చేతిలో పెట్టింది. ఎవ్వరూ గొణగలేదు. ఆటో ఎక్కిన తలలన్నీ లెక్కపెట్టుకున్నాక, చివర తను ఎక్కుతుంటే మనసాగక అన్నాను, “నువ్వు నాయకురాలివమ్మా” అని.

ఆమె ముఖం చిన్నబోయింది.

“అంత మాటన్నారేంది సార్, నేనెవరికి తగువు పెట్టా?”

నేను సర్దిచెప్పేలోగా ఆటో కదిలిపోయింది.